రంగుకు ముందు చల్లే సీసా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమం కాగితంలో మా పేరు ఎదుట "విద్య" అని అచ్చయింది. విద్య గురించే మాట్లాడబోతున్నాము గాని, అది పలకా బలపం విద్య కాదు. డెంటింగు, పెయింటింగు పనిమీద బతికే ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టడానికి బడికి వచ్చిన తండ్రుల చేతులను మేము ఏళ్ళ తరబడి చూస్తున్నాము. తెల్లగా ఎండి, గీతలు గీతలుగా పగిలి ఉంటాయి. చర్మంలోని జిడ్డును థిన్నరు లాగేస్తుంది. ఆ చేతులు పట్టే సీసా ఎటువంటిదై ఉండాలి అన్నదే ఇవాళ మా విషయం. ఇంత చిన్న వస్తువుకు ప్రసంగమా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఒక ఉస్తాద్ మాతో అననే అన్నాడు: "ఏం మాస్టర్ సాబ్, మంగలి షాపులో నీళ్ళు చల్లే సీసాయే గదా, దానికి ఇంత చదువు ఎందుకు?"

ఎందుకో చెప్తాము. లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, ఇక రంగు వేయబోయే ముందు బాడీమీద ఉన్న జిడ్డు, మైనం, పాలిష్, చేతి చెమట అన్నీ పోవాలి. అందుకని ఒక ద్రవం చల్లి గుడ్డతో తుడుస్తారు. అది పోకుండా రంగు కొడితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. రంగు పక్కకు జరిగి గుండ్రటి గుంటలు పడతాయి. షెడ్డుల్లో వాటిని ఫిష్ ఐ అంటారు. పాలిష్‌లో ఉండే సిలికాన్ రవంత మిగిలినా చాలు ఈ గుంటలు రావడానికి. మళ్ళీ రుద్దు, మళ్ళీ కొట్టు. రంగు ఖర్చు, రోజు కూలి, బండి యజమానితో మాట పడటం, అన్నీ ఉస్తాద్ నెత్తినే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. జిడ్డు తీయటానికి వాడే ద్రవమే సీసా లోపలి రబ్బరును కూడా కరిగిస్తుంది. లేకపోతే ఉబ్బిస్తుంది. ఆ కరిగిన రబ్బరు ద్రవంతో కలిసి బాడీమీదకే వస్తుంది. కొన్ని సీసాల్లో ట్రిగ్గరు సాఫీగా కదలటానికి కంపెనీవాళ్ళు సిలికాన్ గ్రీజు రాస్తారు, అదీ కొట్టుకు వస్తుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ మురికి చల్లుతున్నామన్నమాట! ఉస్తాదేమో రంగు డబ్బాను తిడతాడు, కుర్రవాడిని తిడతాడు. సీసాను ఎవరూ అనుమానించరు.

కాబట్టి దుకాణానికి పోయి "కెమికల్ స్ప్రేయరు ఇవ్వండి" అంటే చాలదు. అన్ని రసాయనాలకూ తట్టుకునే మామూలు రబ్బరు లేదు. ముందు ద్రవం ఏమిటో తెలియాలి, ఆ తరువాతే సీసా. దుకాణదారుడు సీసా మందం చూపించి "గట్టి సరుకు" అంటాడు. చూడవలసింది లోపలి వాషరును.

మన షెడ్డుల్లో వాడేవి ముఖ్యంగా మూడు జాతులు. ఒకటి పెట్రోలియం జాతి: మినరల్ టర్పెంటైన్, నాఫ్తా, జిడ్డు తీయటానికనే అమ్మే ద్రవాల్లో చాలా వరకు ఇవే. వీటికి నైట్రైల్ రబ్బరు బాగా నిలబడుతుంది, వైటన్ ఇంకా బాగా నిలబడుతుంది. వైటన్ అనేది ఒక కంపెనీ పెట్టిన పేరు, ఆ రబ్బరు జాతి పేరు ఎఫ్.కె.ఎం. కొనేటప్పుడు ఏ పేరు రాసి ఉన్నా ఒకటే. ఈ జాతి ద్రవాలకు ఇ.పి.డి.ఎం. రబ్బరు మాత్రం పనికిరాదు, పులిసిన పిండిలాగా ఉబ్బిపోతుంది. రెండవది నీళ్ళు, ఆల్కహాల్ కలిసిన ద్రవాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇందులోదే. ఇక్కడ కథ తిరగబడుతుంది, ఇ.పి.డి.ఎం. రబ్బరే మేలు. అసిటోన్‌కు కూడా ఇ.పి.డి.ఎం. నిలబడుతుంది, అదే అసిటోన్‌లో ఖరీదైన వైటన్ పాడైపోతుంది. ఖరీదు ఎక్కువ గనుక అన్నింటికీ పనికివస్తుందనుకోవటం పొరపాటు.

మూడవది మన ఎన్.సి. థిన్నరు. దీనితోనే చిక్కంతా. ఇది ఒక్క పదార్థం కాదు, ఖిచిడీ. టోలీన్ వంటివి, ఎస్టర్లు, కీటోన్లు, ఆల్కహాల్ ఇందులో కలుస్తాయి. పాళ్ళు కంపెనీకొకటి. టోలీన్ నైట్రైల్‌నూ, ఇ.పి.డి.ఎం.నూ చెడగొడుతుంది. కీటోన్లు, ఎస్టర్లు వైటన్‌ను చెడగొడతాయి. వీటన్నింటికీ టెఫ్లాన్ తట్టుకుంటుంది, కాని అది రబ్బరులాగా సాగేది కాదు గనుక మామూలు చవక స్ప్రేయర్లలో కనబడదు. అందుచేత థిన్నరును స్ప్రే సీసాలో పోయవద్దనే మేము గట్టిగా చెప్తున్నాము. అసలు అది జిడ్డు తీయటానికి తగినది కూడా కాదు. పూర్తిగా ఆరని ప్రైమరును, పాత రంగును మెత్తబరచి లేపుతుంది. గన్ను కడగటానికో, రంగు పలచన చేయటానికో దాన్ని ఉంచండి. తప్పనిసరై తుడవాలంటే, పైన నొక్కితే గుడ్డ తడిసే లోహపు డబ్బాలు దొరుకుతాయి, అవి వాడండి. పాత రంగు ఊడదీసే రిమూవరు సంగతి వేరే చెప్పాలా? దాన్ని బ్రష్‌తో తప్ప ఏ సీసాతోనూ ముట్టుకోరాదు.

సీసా ఒళ్ళు గురించి రెండు మాటలు. అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 2 అంటే హెచ్.డి.పి.ఇ. ఆల్కహాల్‌కు, అసిటోన్‌కు మంచిది, టర్పెంటైన్ జాతికి రోజువారీ వాడకం వరకు ఫరవాలేదు. నెలల తరబడి నిల్వ ఉంచితే ద్రవం గోడలగుండా మెల్లగా ఇంకి, సీసా సొట్టపోతుంది. 1 అంకె ఉన్న నీళ్ళ సీసాలాంటిది టర్పెంటైన్‌కు కొన్నాళ్ళు ఆగుతుంది గాని అసిటోన్ తగిలితే తెల్లబారి పెళుసవుతుంది. ట్రిగ్గరు లోపల స్ప్రింగు స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. లేకపోతే నీళ్ళు కలిసిన ద్రవానికి తుప్పుపట్టి, ఆ తుప్పే బాడీమీద మచ్చ. పొలంలో పురుగుమందు కొట్టిన పాత పంపును కడిగి తెచ్చి వాడేవాళ్ళూ ఉన్నారు. ఎంత కడిగినా మందు పోదు. దయచేసి ఆ పని చేయకండి.

ఎక్కువ పని ఉన్నచోట చేత్తో గాలి కొట్టి నింపే పంపు స్ప్రేయరు కొంటారు. మండే ద్రవాలకు పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా రాసినదే కొనాలి. దానికి గాలి వదిలే వాల్వు తప్పక ఉండాలి. కంప్రెసర్ పైపును మాత్రం దానికి ఎన్నడూ తగిలించకూడదు, పగిలితే మొహంమీదే పగులుతుంది. మూత తీసేముందు గాలి వదలాలి.

ఇంకొక సంగతి, తుంపర సన్నగా పడితే గొప్ప అనుకుంటారు. ఈ పనికి అది తప్పు. లావు చినుకు పడాలి. సన్నటి మంచులాంటి తుంపర సగం గాలిలోనే తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిప్పు తగిలితే గుప్పున అంటుకుంటుంది. అసిటోన్ ఆవిరి అంటుకోవటానికి సున్నాకు 20 డిగ్రీలు కింద ఉన్నా చాలు. టోలీన్‌కు 4 డిగ్రీలు, ఐసోప్రొపైల్‌కు 12 డిగ్రీలు. మన రేకుల షెడ్డులో మే నెలలో ఎంత ఉంటుందో లెక్క వేసుకోండి! పైగా ఈ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ పోయి, పక్క షెడ్డులో గ్యాస్ వెల్డింగ్ దగ్గరికో, ఎవరో పారేసిన బీడీ దగ్గరికో చేరుతుంది. మొహానికి కట్టుకున్న రుమాలు దుమ్మును ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపలేదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి.

తుడిచే పద్ధతి ఉస్తాదులకు మేము నేర్పనక్కరలేదు. ఒక గుడ్డతో తడిపి, ఆరకముందే రెండవ పొడిగుడ్డతో తుడవాలి. దానంతట ఆరిపోతే జిడ్డు ఎక్కడిదక్కడే మళ్ళీ కూర్చుంటుంది.

ఇక తల్లులతో ఒక్క మనవి. థిన్నరును నీళ్ళ సీసాలో పోసి ఇంటికి తీసుకురానివ్వకండి. పిల్లవాడికి అది నీళ్ళే. ఒకవేళ తాగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టకండి. వాంతితో అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఎక్కువ ప్రమాదం. వెంటనే 108కి ఫోను చేసి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ షెడ్డులోనూ పనికి పెట్టుకోరాదు. 14 నుంచి 18 ఏళ్ళవాళ్ళను ప్రమాదకరమైన పనిలో పెట్టరాదు. సెలవుల్లో పని నేర్చుకుంటాడులే అని పంపే ఇళ్ళవాళ్ళు దీన్ని ఇంకొకసారి ఆలోచించవలెను.

డబ్బాలమీద "ఇన్‌ఫ్లేమబుల్" అని ఇంగ్లీషులో ఉంటుంది. "ఇన్" అంటే కాదు అని క్లాసులో మేమే నేర్పుతాము, కనుక మా పిల్లవాడు దాన్ని మండనిది అని చదువుకుంటాడు. తీరా దాని అర్థం మండేది! అందుకని ప్రతి సీసామీద "ఆగ్, జహర్" అని ఉర్దూలోను, "నిప్పు, విషం" అని తెలుగులోను, లోపల ఉన్న ద్రవం పేరుతో సహా చీటీ అంటించాలని సంఘానికి ప్రతిపాదిస్తున్నాము. చీటీలు మా విద్యార్థులు రాసి ఇస్తారు.

సీసా కొన్నాక వాషరును పరీక్షించటం ఎవరైనా చేయగలరు. విడి వాషరు ఒకటి అడిగి తీసుకోండి. మీరు వాడే ద్రవంలో, మూత ఉన్న గాజుసీసాలో, నీడన ఒక రోజంతా ఉంచండి. తీసి కొత్తదాని పక్కన పెట్టి చూడండి. ఉబ్బినా, మెత్తబడినా, ద్రవం రంగు మారినా ఆ సీసా ఆ ద్రవానికి పనికిరాదు. ఇలా నైట్రైల్ వాషర్లు రెండు, ఒకటి టర్పెంటైన్‌లో, ఇంకొకటి థిన్నరులో, నిన్న పొద్దున వేసి ఇవాళ తీసుకువచ్చాము. మొదటిది దాని గాడిలో మళ్ళీ కూర్చుంటున్నది, రెండవది పట్టటం లేదు. భోజనాల పక్క బల్లమీద కాగితంలో పెట్టి ఉంచుతాము. ఉస్తాదులు చేతికి తొడుగు వేసుకుని పట్టుకుని చూడవచ్చును.