టీవీకి గోడలో గూడు
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈ రోజు మీతో ఒక చిన్న ముచ్చట చెప్పుకుందామని వచ్చాను. చిన్నదంటున్నాను గాని, రెండేళ్ల కిందట పెద్దపల్లిలో మా ఇంట్లో అది ఒక ప్రాణం మీదికే వచ్చింది.

మా మనవడికి అప్పుడు ఏడాదిన్నర. ముందు గదిలో సొరుగుల బల్ల, దాని మీద టీవీ. ఓ మధ్యాహ్నం పాలు పొంగుతున్నాయని కోడలు వంటింట్లోకి వెళ్ళింది. నేను పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. టీవీ పక్కన ఎవరో పెట్టిన రబ్బరు బంతి వాడి కంటపడింది. కింది సొరుగు లాగి, దాన్ని మెట్టు చేసుకుని ఎక్కి, టీవీ అంచు పట్టుకున్నాడు. ఢామ్మని చప్పుడు! పరుగెత్తుకొచ్చి చూస్తే టీవీ బోర్లా పడి ఉంది. వాడు దానికి జానెడు దూరంలో కూర్చుని ఏడుస్తున్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆ జానెడే మా అదృష్టం.

సాయంత్రం ఇంటికొచ్చిన వాళ్ళందరూ అడిగింది ఒకటే మాట: "పిల్లగాన్ని చూసుకోరా?" కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అత్తమ్మా, జర పొయ్యి కాడికి పోయిన, గంతే" అన్నది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. పది పనులు చేసుకునే ఆడది రెప్ప వాల్చకుండా పిల్లవాణ్ణి చూడగలదా? ఎవరి తరమూ కాదు. మన చూపు లేని ఆ ఒక్క క్షణంలో కూడా పిల్లవాడికి ఆపద రాకుండా ఇంటినే సర్దుకోవాలి.

మన పాత ఇళ్ళు గుర్తున్నాయి కదా? మందపాటి గోడలు, ఆ గోడలోనే దీపపు గూడు. దీపం పెట్టుకోవడానికి పెద్దలు చేసుకున్న ఏర్పాటది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైన తరువాత ఇళ్ళలోకి వచ్చిన టీవీలు చాలావాటికి చెక్క పెట్టె, పక్కకు జరిగే తలుపులు, తాళం ఉండేవి. ఆ డబ్బా టీవీల బరువంతా ముందు అద్దంలోనే, అందుకే ముందుకు తూలేవి. ఇప్పటి పలక టీవీ తేలికే గాని, రెండు సన్న కాళ్ళ మీద నిలబడుతుంది. పిల్లవాడు పట్టుకుని వేలాడితే చాలు.

అందుకే టీవీకీ ఒక గూడు కావాలనుకున్నాం. మేస్త్రీ వచ్చి, "ఒక్క రోజు పని అమ్మా, గోడ కొట్టి తీసేద్దాం" అన్నాడు. ఇంజినీరింగు చదివిన మా తమ్ముడి కొడుకు వద్దన్నాడు. "అత్తా, మీ ఇంటి కప్పు పిల్లర్ల మీద లేదు, గోడల మీదే ఉంది. తొమ్మిది అంగుళాల గోడలో ఆరంగుళాలు తవ్వితే ఇంకేం మిగులుతుంది?" అని అడిగాడు. నాలుగున్నర అంగుళాల గోడనైతే అసలు తవ్వకూడదట. పిల్లరు, బీము జోలికి ఏ ఇంట్లోనూ పోకూడదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవారు ముందే చెప్పి, పైన లింటెల్ వేయించి గూడు వదిలించుకోవచ్చు.

మేము గోడ తవ్వలేదు. దాని ముందు ఇటూ అటూ ఎనిమిదంగుళాలు ముందుకు వచ్చేలా ఇటుకలతో సన్నని గోడలు లేపి, కిందా పైనా కడప బండ వేయించాం. చుట్టూ ఉన్న ఖాళీ చెక్క అల్మారాలకు పనికొచ్చింది. చూసేవారికి టీవీ గోడలోనే ఉన్నట్టుంటుంది. మాది 43 అంగుళాల టీవీ. వెడల్పు 38, ఎత్తు 22 అంగుళాలు. గూడు వెడల్పు 46, ఎత్తు 30 పెట్టించాం. నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు గాలి ఆడాలి కదా. టీవీని ఇనుప బ్రాకెట్టుతో వెనక గోడకు బోల్టులు వేసి బిగించారు. బరువు చెక్క మీద మోపనే లేదు.

గూడు నేలకు మూడున్నర అడుగుల ఎత్తున మొదలవుతుంది. ఇంకా పైకి పెడితే చూసేవారికి మెడ నొప్పి. ముందు టఫెన్డ్ గ్లాసు తలుపు, దాని పై అంచున గడియ. ఆ గాజు పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. రిమోటు దాని గుండా పనిచేస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటు చేశాం. దుమ్ము పడుతుందని తలుపును సందు లేకుండా బిగించాం. మా వైపు ఎండాకాలం ఎట్లుంటదో మీకు తెలుసు, 45 డిగ్రీల దాకా పోతుంది. ఓ రోజు గంటసేపు నడిచి టీవీ దానంతటదే ఆగిపోయింది. తలుపు తీస్తే లోపల పొయ్యి మీది ఆవిరి తగిలినట్టయింది! వడ్రంగిని పిలిపించి తలుపుకు కిందా పైనా పొడుగాటి సందులు తీయించి, సన్న జాలీ కొట్టించాం. చల్లగాలి కింద నుంచి వచ్చి, వేడి పైనుంచి పోతుంది. పిల్లల వేలు దూరదు, బల్లీ దూరదు.

మరికొన్ని సంగతులు. ప్లగ్గు టీవీ వెనకే ఉండాలి, వైర్లు పైపులోంచే పోవాలి, వేలాడకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఆ గోడకు వానాకాలం చెమ్మ వస్తుందేమో ముందే చూసుకోండి. గూటి కింద కుర్చీ, స్టూలు, సొరుగుల బల్ల వద్దు. బొమ్మలు, బిస్కట్ల డబ్బా గూటి మీద పెట్టనే వద్దు. పిల్లలు ఎక్కేది టీవీ కోసం కాదు, పైన కనబడే వస్తువు కోసం. రిమోటులో గుండీ బ్యాటరీ ఉంటే దాని మూత స్క్రూతో బిగించి ఉంచండి. మింగితే రెండు గంటల్లోనే గొంతులో పుండు పడవచ్చు. మింగాడని అనుమానం వస్తే చాలు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అద్దె ఇంట్లో ఉన్నవారు గూడు కట్టలేరు. ఇంటివారినడిగి రెండు మేకులు కొట్టించి, టీవీ వెనక నుంచి గట్టి పట్టీతో గోడకు కట్టించండి. బరువైన, పొట్టి బల్ల మీద వెనక్కి జరిపి పెట్టండి. అదీ సగం రక్షణే.

గూడు ఎంత గట్టిదైనా, టీవీ ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మరచిపోవద్దు. రెండేళ్ళు నిండే దాకా టీవీ వద్దని, ఆపై ఐదేళ్ళు నిండే దాకా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ తలుపు గడియ దానికీ పనికొస్తుంది.

ఇప్పుడు పాలు పొంగితే మా కోడలు గుండె దడ లేకుండా వంటింట్లోకి వెళ్తున్నది. "పిల్లగాన్ని చూసుకోరా" అనే మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. మీరు కూడా ఈ సాయంత్రం టీవీ ముందు ఒక్కసారి నేల మీద కూర్చుని, పిల్లవాడి కంటితో చూడండి. ఏది మెట్టు అవుతుందో మీకే కనబడుతుంది.

సెలవు.