మూడో స్థానంలో వచ్చిన పాప



బడి ఆటల పోటీల్లో వంద మీటర్ల పరుగు జరుగుతుంటే మన కళ్లన్నీ మొదట వచ్చిన పిల్ల మీదే ఉంటాయి. ఈసారి మూడో స్థానంలో వచ్చిన పాపను కూడా చూడండి. పన్నెండు, పదమూడేళ్లప్పుడు ఒకే తరగతి పిల్లల ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. ముందే ఏపుగా ఎదిగిన పిల్ల ఆ బలంతోనే గెలిచేయొచ్చు. వెనకొచ్చిన పాప భుజాలు బిగబట్టకుండా, ముంగాలి మీద తేలిగ్గా పరుగెడుతోందా? నేను ముందు చూసేది అదే.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఎత్తు చూసి, హర్డిల్స్‌కు పనికొస్తుందని మొదట పసిగట్టింది బళ్లో వ్యాయామ ఉపాధ్యాయులే. ఆమె 2022లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళ అయింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. పదేళ్ల పిల్ల టైము చూసి కంగారు పడాల్సిన పనేముంది చెప్పండి?

చిన్నప్పుడు ఖోఖో, కబడ్డీ, తాడాట అన్నీ ఆడనివ్వండి. ఎదిగే వయసులో మోకాలిచిప్ప కింద నొప్పి అంటే దయచేసి "ఓర్చుకో" అనకండి. అక్కడ ఎముక ఇంకా లేతగా ఉంటుంది. పరుగు ఆపించండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇంట్లో ఓ నోటుపుస్తకం పెట్టండి. మూడు నెలలకోసారి పాప టైము రాసి, పక్కనే ఎత్తు కూడా రాయండి.