కోడు ఎవరు రాసినా జవాబు చెప్పేది మనమే

(డాలస్ ప్రాంతపు తెలుగు రేడియో కార్యక్రమంలో శనివారం ఉదయం ప్రసారమైన ప్రసంగ పాఠం)

 

మొన్నామధ్య తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, ఇకమీదట ప్రోగ్రాములన్నీ కంప్యూటరే రాసేసుకుంటుందట, టీవీలో చెప్పారు. మరి నీకు జీతం ఎందుకిస్తార్రా?" అంది. నవ్వేసి, "అదేం లేదులేమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. హెచ్‌-1బి మీద ఉంటూ గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకి ఆ ప్రశ్న ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే మనకి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, పిల్లల బడి, కారు వాయిదాలు అన్నీ ఆ 60 రోజుల్లో తేలాలి.

అందుకే ఈ రోజు "ఏఐ వచ్చింది, భయం లేదు" అని మీకు ధైర్యం చెప్పబోవడం లేదు. "అంతా అయిపోయింది" అని బెదిరించబోవడమూ లేదు. నేను చేసిన ఒక పొరపాటు, దానివల్ల నేర్చుకున్న పాఠం, రెండూ చెబుతాను.

నేను ఐటీ కన్సల్టెంటుని. 2025 వసంతంలో ఒక ఇన్సూరెన్సు క్లయింటు దగ్గర పాత కోబాల్ ప్రోగ్రాముల్ని జావాలోకి మార్చే పని నాకు వచ్చింది. నా వాటాకి వచ్చింది ప్రీమియం వాపసు లెక్క. ఎవరైనా పాలసీని మధ్యలో రద్దు చేసుకుంటే, మిగిలిన రోజులకి ఎంత డబ్బు తిరిగివ్వాలో అది తేలుస్తుంది. పాత పద్ధతిలో అయితే రెండు వారాల పని. క్లయింటు అనుమతించిన ఏఐ పరికరానికి ఆ కోబాల్ ప్రోగ్రాము ఇచ్చి, "దీన్ని జావాలో రాయి" అన్నాను. మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా రాసిచ్చింది. చక్కటి పేర్లు, చక్కటి వ్యాఖ్యలు... నేను రాసినా అంత నీటుగా ఉండదు. "దీనికి టెస్టులు కూడా రాయి" అన్నాను. అరవై టెస్టులు రాసింది. అన్నీ పచ్చగా పాసయ్యాయి. తొమ్మిది వందల లైన్ల కోడుని ఇరవై నిమిషాల్లో పైపైన చూసి, 'సమీక్షించాను' అని పెట్టేశాను. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

నెలాఖరుకి పాత ప్రోగ్రామునీ, కొత్త ప్రోగ్రామునీ పక్కపక్కనే నడిపి చూశాం. దాదాపు నలభై వేల రికార్డులు. మొత్తంలో రెండు వందల డాలర్ల తేడా వచ్చింది. రెండు వందలే కదా అనిపిస్తుంది. కానీ అకౌంటింగు వాళ్ళకి రెండు వందలైనా ఒకటే, రెండు లక్షలైనా ఒకటే, లెక్క కుదరకపోతే కుదరనట్టే. మూడు రోజులు వెతికాను. ఏఐనే అడిగాను. "కోడు సరిగానే ఉంది" అని ఎంతో మర్యాదగా చెప్పింది.

మూడో రోజు రాత్రి న్యూజెర్సీలో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన అమీర్‌పేటలో కోబాల్ కోర్సు చేసి, 1998లో వై-టు-కె పని మీద ఈ దేశం వచ్చినవాడు. నా గోడంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఏరా అబ్బాయ్, ఆ కంప్యూట్ లైన్లో 'రౌండెడ్' అన్న మాట ఉందా?"

"లేదు బాబాయ్."

"అయితే అది రౌండ్ చెయ్యదురా, మిగిలింది తెగ్గోసేస్తుంది. నీ జావా ఏం చేస్తోందో చూసుకో."

చూశాను. నా జావా కోడు అర సెంటు దాటితే పై సెంటుకి సర్దుతోంది. పాత ప్రోగ్రాము సెంటు తర్వాత ఏమున్నా వదిలేస్తోంది. అంటే సుమారు సగం రికార్డుల్లో ఒక్కొక్క సెంటు తేడా. నలభై వేలలో సగం ఇరవై వేలు, ఇరవై వేల సెంట్లు రెండు వందల డాలర్లు. లెక్క సరిపోయింది!

ఏఐ చేసింది గణితపరంగా తప్పు కాదు. మామూలుగా అందరూ చేసే పద్ధతే చేసింది. కానీ ఆ కంపెనీ పుస్తకాలన్నీ ఎన్నో ఏళ్ళుగా ఆ తెగ్గోత లెక్కతోనే నడుస్తున్నాయి. మరి అరవై టెస్టులూ ఎలా పాసయ్యాయంటారా? ఆ కోడు ఏం చేస్తోందో చూసి, ఆ ప్రకారమే రాసిన టెస్టులవి. పరీక్ష రాసేవాడూ, పేపరు దిద్దేవాడూ ఒక్కడే అయితే ఇక ఫెయిలయ్యేది ఎవడు?

ఆ రాత్రి నాకు సిగ్గేసింది. ఏఐ తప్పు చేసిందని కాదు. నా పేరుతో వెళ్ళిన కోడులో ఏముందో నాకే తెలియలేదని.

తర్వాత బాబాయితో తీరిగ్గా మాట్లాడినప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "మేం వచ్చినప్పుడు కొత్త కోడు రాసింది చాలా తక్కువరా. ఎవడో ఎప్పుడో రాసిన లక్షల లైన్లు చదవడమే మా పని. ప్రతి తేదీ దగ్గరా ఆగి, ఇది ఎందుకుంది, దీన్ని ఎవరు వాడుతున్నారు అని అడగడమే." ఏడాదిని రెండే అంకెల్లో రాసుకున్న ప్రోగ్రాములు కదా అవి. చాలాచోట్ల 50 లోపు అంకె అయితే 2000ల్లోది, ఆపైన అయితే 1900ల్లోది అన్నట్టుగా ఒక గీత గీసి సర్దారు. ఆ గీత ఎక్కడ గియ్యాలో తెలియాలంటే, అక్కడున్నది పుట్టినతేదీయా, పాలసీ ముగిసే తేదీయా అన్నది తెలియాలి. కోడు చదవాలి, మనుషుల్ని అడగాలి. మన తెలుగువాళ్ళు ఎంతోమంది ఈ దేశంలో కాలు మోపింది ఇతరుల కోడు చదివే ఓపికతోనే. ఏఐ రాసినదీ ఇతరుల కోడే కదా! పాత విద్యకే మళ్ళీ పని పడింది.

పీటర్ నార్ అనే డెన్మార్క్ కంప్యూటరు శాస్త్రవేత్త 1985లో ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రామింగు అంటే కోడు ఉత్పత్తి చెయ్యడం కాదు, ఆ ప్రోగ్రాము ఎందుకు అలా ఉందో అన్న అవగాహనను మనసులో కట్టుకోవడం అని ఆయన వాదన. ఆ అవగాహన ఉన్నవాళ్ళు వెళ్ళిపోతే, కోడు నడుస్తున్నా ఆ ప్రోగ్రాము చచ్చిపోయినట్టే అంటాడు. నా ప్రీమియం లెక్క పుట్టినరోజే ఆ స్థితిలో ఉందని ఇప్పుడనిపిస్తుంది.

మరి ఏఐ వల్ల పని వేగం పెరుగుతుందా, లేదా? పరిశోధనలు రెండు రకాలుగానూ ఉన్నాయి. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో గిట్‌హబ్ కోపైలట్ వాడినవాళ్ళు జావాస్క్రిప్టులో ఒక చిన్న వెబ్ సర్వర్‌ని, వాడనివాళ్ళకంటే సుమారు 56 శాతం తక్కువ సమయంలో రాశారు. 2025 జూలైలో ఎమ్‌ఈటీఆర్ అనే పరిశోధన సంస్థ ఇంకో ఫలితం ప్రకటించింది. అనుభవమున్న 16 మంది, తమకు బాగా తెలిసిన పెద్ద ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రమేమిటంటే, పని ముగిశాక కూడా వాళ్ళు తమకి 20 శాతం సమయం కలిసొచ్చిందనే అనుకున్నారు! అవి 2025 మొదట్లో ఉన్న పరికరాలు, ఆ తర్వాత అవి మెరుగుపడ్డాయి. అయినా నాకు అందులో కనిపించిన నీతి ఇది: కొత్త చిన్న పనిలో కలిసొచ్చినట్టు పాత పెద్ద పనిలో కలిసిరాకపోవచ్చు. వేగంగా వెళుతున్నామన్న అనుభూతిని మాత్రం నమ్మకూడదు, గడియారం చూసుకోవాలి.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతులు చెబుతాను. ఇవి పెద్ద రహస్యాలేం కావు.

మొదటిది. ఏఐని అడిగే ముందు అరపేజీ నేనే రాసుకుంటాను. ఈ పని ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, పైసల దగ్గర, తేదీల దగ్గర, ఖాళీగా ఉన్న గడుల దగ్గర ఏం జరగాలి అని. రాయలేకపోతే నాకే పని అర్థం కాలేదన్నమాట. అప్పుడు ఏఐ దగ్గరికి కాదు, క్లయింటు దగ్గరికి వెళ్ళాలి.

రెండోది. చిన్న చిన్న ముక్కలుగా అడుగుతాను. ఒక్క కూర్చోవడంలో శ్రద్ధగా చదవలేనంత కోడు ఒకేసారి తీసుకోను. పక్కవాడికి లైను లైనూ వివరించలేని కోడుకి నా పేరు పెట్టను.

మూడోది. టెస్టులు ఏఐతో రాయించినా, జవాబులు మాత్రం బయటినుంచి తెస్తాను. పాత సిస్టమ్ ఇచ్చిన ఫలితాలో, ఆ వ్యాపారం తెలిసిన మనిషి చేత్తో వేసిచ్చిన లెక్కలో. ఆ ప్రీమియం లెక్కకి మొదటిరోజే పాత ఫలితాలు ఇరవై తెచ్చుకుని ఉంటే మూడు రాత్రుల నిద్ర మిగిలేది.

నాలుగోది జాగ్రత్త. క్లయింటు ఒప్పుకోని పరికరంలో వాళ్ళ కోడు గాని, డేటా గాని, పాస్‌వర్డులు గాని పెట్టకండి. ఉద్యోగానికే ముప్పు. ఏఐ ఒక్కోసారి అసలు లేని లైబ్రరీ పేరు కూడా ధీమాగా చెబుతుంది. దుర్బుద్ధి ఉన్నవాడెవడైనా అదే పేరుతో ఒకటి తయారుచేసి పెట్టొచ్చు. తెలియని పేరు కనిపిస్తే ఆగి విచారించండి.

అయిదోది. వారానికి ఒక సమస్య అయినా ఏఐ లేకుండా స్వయంగా చేస్తాను. కారుంది కదా అని నడక మానేస్తే కాళ్ళు ఏమవుతాయో మన వయసువాళ్ళకి ఈపాటికి తెలుస్తూనే ఉంటుంది!

ఎమ్మెస్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ ఒక మాట. మీ పరిస్థితి మాకంటే కష్టంగా ఉందని నాకు తెలుసు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీతాల రికార్డులు పరిశీలించి, ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ళవాళ్ళ సంఖ్య ఇతరులతో పోలిస్తే 13 శాతం తగ్గిందని 2025 ఆగస్టులో చెప్పారు. అది మీ తెలివితక్కువతనం కాదు, దయచేసి అలా అనుకోకండి. ఏఐతో పది ప్రాజెక్టులు చేయించి రెజ్యూమేలో పెట్టేకన్నా, ఒక పాత ఓపెన్‌సోర్సు ప్రోగ్రాముని పూర్తిగా చదివి, అందులో ఒక నిజమైన లోపాన్ని సరిదిద్దండి. ఏఐని జవాబు అడగడం కంటే, "నా జవాబులో తప్పేముంది?" అని అడగండి. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకిలా రాశావు?" అన్నప్పుడు మీ దగ్గర ఒక కథ ఉండాలి.

ఉద్యోగమిచ్చే స్థాయిలో ఉన్న అన్నలకీ, అక్కలకీ కూడా ఒక మనవి. ఈ పని ఏఐ చేసేస్తుందని కొత్తవాళ్ళని తీసుకోవడం మానేస్తే, పదేళ్ళ తర్వాత 'రౌండెడ్ ఉందా' అని అడిగేవాళ్ళు మనకి దొరకరు. మా బాబాయి కూడా 2001లో పని లేక ఏడు నెలలు బెంచి మీద కూర్చున్నాడు. ఎవరో ఒక మేనేజరు, "జావా రాదా? ఫరవాలేదు, నేర్చుకో" అని చోటిచ్చాడు కాబట్టే నిలబడ్డాడు.

పోయిన ఆదివారం అమ్మకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి దాటవేయకుండా చెప్పాను. "అమ్మా, జీతం ఇప్పుడు రాసినందుకు ఇవ్వరు. అది సరిగా ఉందని నేను పూచీ పడ్డందుకు ఇస్తారు" అని. కాసేపు ఆలోచించి, "అయితే అప్పటికంటే ఇప్పుడే పని ఎక్కువన్నమాట, వేళకి తింటున్నావా?" అంది.

 సోమవారం నాడు ఏఐ రాసిచ్చిన కోడు పంపించే ముందు, ఒక్కసారి ఆగి పూర్తిగా చదవండి. సెలవు.