పెరటి తోటకు ఎరువుల ఎంపిక
(పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు రైతుల కొఱకైన ఉపన్యాసము)



పొలమునకు ఎరువు కొనునపుడు నాలుగు దుకాణములు తిరిగి ధర విచారించు రైతు, ఇంటి వెనుక పెరటి విషయమున మాత్రము చేతికందినది చల్లి ఊరకుండును. ఆ పెరటిలోని వంకాయయు, టమాటయు, తోటకూరయు ఇంటిల్లిపాదియు దినదినము భుజించునవి. కావున ఏ యెరువు, ఎంత, ఎక్కడిది అను ప్రశ్నలు పొలముకంటె పెరటియందే ముఖ్యములు.

ఎరువును బరువునుబట్టి గాక అందలి సారమునుబట్టి ఎంచవలయును. ఒక గుంట పెరటికి కిలో నత్రజని కావలసియున్నదని భావింపుడు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గలదు గనుక 2 కిలోలకు కొంచెము పైన చాలును. ఆముదపు పిండి సుమారు 23 కిలోలు వలయును. మాగిన పశువుల పెంటలో నూటికి అరపాలు మాత్రమే యుండుటచే 200 కిలోలు పట్టును. ఇది చూచి యూరియాయే మేలని తలపరాదు. పెంట నేలను గుల్ల చేయును, తేమను పట్టియుంచును, సూక్ష్మపోషకములను గూడ కొంత యిచ్చును. యూరియా నత్రజని తప్ప వేరొండు ఇయ్యదు. దుక్కిలో పెంట వేసి, పైరు ఎదుగునపుడు లోటును మాత్రము యూరియాతో పూరించుట యుక్తము. దానినైనను రెండు మూడు దఫాలుగా, నేలలో తేమ యున్నపుడు, మొదలునకు బెత్తెడు దూరమున వేసి మట్టి కప్పవలయును. నల్లరేగడిపై పైపైన చల్లినచో చాల భాగము అమ్మోనియాగా గాలిలో కలిసిపోవును. మితిమీరినచో ఆకు నవనవలాడునే గాని పూత నిలువదు, పేనుబంకయు పట్టును.

పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధన సంస్థవారు మెట్ట నేలలను పరీక్షింపగా జింకు, బోరాను, గంధకముల లోపము విస్తారముగా కానవచ్చెను. సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో భాస్వరముతో పాటు గంధకము గూడ కలదు. అందుచే పెరటికి అది డి.ఏ.పి. కంటె తగినది. జింకు లోపము తేలినచో గుంటకు అర కిలో జింకు సల్ఫేటు మూడు పైరుల కొకసారి చాలును. దీనిని భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు.

ఇంతవరకు చెప్పినది ఏ యూరి రైతుకైనను వర్తించును. ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైనది వేరొకటి కలదు. వేసవిలో చెరువుమట్టి తోలుట తాతలనాటి ఆచారము, మంచి ఆచారమే. కాని 1970ల తరువాత పటాన్‌చెరు, బొల్లారముల చుట్టును కర్మాగారములు వెలసి, వాని వ్యర్థజలము నక్కవాగునకును దిగువ చెరువులకును చేరెను. 1990లో ఈ వివాదము సుప్రీంకోర్టు వఱకు పోయెను. 2007లో స్వీడను పరిశోధకులు, పటాన్‌చెరు సామూహిక శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కలదని ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాలుకంటె అది యధికము!

కావున వాగు దిగువనున్న చెరువుల మట్టినిగాని, ఉచితముగా తోలెదమని ఎవరైన చెప్పు కర్మాగారపు బురదనుగాని పెరటిలో వేయరాదు. నల్లగా నుండుటచే సారవంతమని భ్రమపడవలదు. సీసము, కాడ్మియము వంటి లోహములు కుప్పలో మాగినను నశింపవు. ఆకుకూరలు వానిని సులభముగా పీల్చుకొనును. కాచిన నీటిలో ఉడికించినను పోవు. అట్టి చోట్ల నివసించువారు ఎగువ చెల్క నేలనుండి తెచ్చిన మట్టిని తొట్లలో నింపి, కప్పుమీది వాననీటితో కూరలు పెంచుకొనుట క్షేమము. పచ్చియాకు ఎరువునకు గట్టుమీద గిరిపుష్పము నాటినచో కొమ్మలు ఏటేట నరకుకొనవచ్చును.

భూపరీక్షకు మట్టి తీయునపుడు ఎనిమిది పది చోట్ల జానెడు లోతున V ఆకారపు గుంటలు త్రవ్వి, అంచుమట్టిని కలిపి, అర కిలో మాత్రము గుడ్డసంచిలో పంపవలయును. సాధారణ పరీక్షలో లోహములను చూడరు. వాగు దాపునున్న రైతు వానిని ప్రత్యేకముగా అడిగి వ్రాయించుకొనవలయును.