నార్వే భాషలో సమాసము, పదచ్ఛేదము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



చదువరి మొదట నేర్వవలసినది పదమును ఎచ్చట విరువవలెనో తెలిసికొనుట. మన యువకులు నేడు దేశాంతర భాషల నభ్యసించుచున్నారు. కావున ఈ విషయమునకు దృష్టాంతముగా నార్వే భాషను గైకొనుచున్నాను.

ఆ భాషలో సమాసమును ఒకే పదముగా కలిపి వ్రాయుదురు. అర్థమునకు తుదిపదము ప్రధానము. ఉచ్చారణలో ఊనిక మాత్రము సాధారణముగా మొదటి పదముపై పడును. ‘హూస్’ అనగా ఇల్లు, ‘బోట్’ అనగా పడవ. ‘హూస్‌బోట్’ అన్నచో నివాసయోగ్యమగు పడవ. ‘బోట్‌హూస్’ అన్నచో పడవనుంచు ఇల్లు. మన బండిగుఱ్ఱము, గుఱ్ఱపుబండి వంటివే ఇవియును. సమాసము యొక్క లింగము సైతము తుదిపదము ననుసరించును.

ఛందస్సు నెరిగినవారికి మఱియొక సంగతి సులభముగా బోధపడును. అచ్చట ఊనిక పడిన అక్షరము ప్రాయికముగా గురువై యుండును. అచ్చు దీర్ఘమగును, కాదేని దాని పిదపి హల్లు ద్విత్వమో సంయుక్తమో యగును. ‘టాక్’ అనగా ఇంటికప్పు. అచ్చును కుదించి కకారమును ఒత్తి ‘టక్క్’ అన్నచో కృతజ్ఞత.

ఇక పదచ్ఛేదము. ‘గ్లస్స్’ అనగా గాజు, ‘స్కోల్’ అనగా గిన్నె. రెండును కలిసినచో మూడు సకారములు వరుసగా రావలెను. కాని ఒకే హల్లును ముమ్మారు వ్రాయరాదని నియమము, రెండే వ్రాయుదురు. పంక్తి చివర పదమును విరిచినపుడు లోపించిన సకారము మరల వచ్చును. ఇది తెలియనివాడు రెండు సకారముల పిదప విరిచినచో మిగులునది ‘కోల్’, అనగా క్యాబేజీ! గాజుగిన్నె కాస్త గాజుక్యాబేజీ యగును.

ఇది నవ్వుకొనదగినదే గాని, ప్రమాదకరమగు చోటులును కలవు. ‘రోయిక్‌ఫ్రిట్’ అని కలిపి వ్రాసినచో ‘ధూమరహితము’, అనగా ఇచ్చట పొగత్రాగరాదు. నడుమ జాగా విడిచినచో ‘యథేచ్ఛగా పొగత్రాగుము’ అని అర్థము! నార్వేలో 2004 జూన్ 1 నుండి ఫలహారశాలలలోను మద్యశాలలలోను పొగత్రాగుట నిషిద్ధము. ఒక్క ఖాళీజాగా ఆ నిషేధమునే ఆహ్వానముగా మార్చును. చెవికి మాత్రము ఈ భ్రమ లేదు. సమాసమున ప్రధానమగు ఊనిక ఒక్కటే. విడిపదములైనచో రెండవదానిని సైతము నిండుగా పలుకుదురు.

కావున, మిత్రులారా, క్రొత్తభాషను కంటితో మాత్రమే చదువకుడు. పెదవి కదిపి చదువుడు. సందేహము కలిగినచో నిఘంటువును తెరువుడు. పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపులు తెరచియుంచినది అందులకే గదా!