వైదిక కుటుంబమున కూతురి దాయము
(పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



వేదకాలపు గృహధర్మమును కొనియాడని వేదిక నేడు అరుదు. మేమును ఆ పూర్వుల కీర్తికి గర్వించువారమే. కాని పెద్దలను గౌరవించుట యనగా మనకు రుచించిన సగమును మాత్రము వల్లించుట కాదు.

ఋగ్వేదము పదియవ మండలమున సూర్యావివాహసూక్తము కలదు. వధువు అత్తమామలకు, ఆడుబిడ్డలకు, మఱదులకు రాణివలె నుండవలెనని యందు ఆశీర్వదింతురు. దంపతి యనగా గృహాధిపతి; ద్వివచనమున ఆ పదమే భార్యాభర్తల నిరువురను చెప్పును. ఘోష, విశ్వవార, అపాల సూక్తద్రష్టలుగా ప్రసిద్ధి కెక్కిరి. ఇది సభలలో చెప్పుకొను సగము.

రెండవ సగము వినుడు. ఆస్తి సాధారణముగా తండ్రినుండి కొడుకులకే సంక్రమించెడిది. తైత్తిరీయసంహిత స్త్రీలకు దాయము లేదన్నది. అన్నదమ్ములు లేని కన్యను పెండ్లాడుటకు వరులు జంకెడివారు. ఆమె కొడుకును మాతామహుడు తన వంశమున చేర్చుకొనునని వారి భయము.

అయినను ఈ కట్టుబాటు ఆ ప్రాచీనకాలముననే తర్కమునకు లోనయ్యెను. యాస్కుడు నిరుక్తము మూడవ యధ్యాయమున ఆ వాదమును పొందుపరచెను. కొడుకులకును కూతుండ్రకును భేదములేక దాయము చెందునని యొక పక్షము. స్త్రీని దానమిత్తురు, అమ్ముదురు, విడిచిపెట్టుదురు, పురుషుని అట్లు చేయరు గనుక పురుషునికే చెందునని మఱియొక పక్షము. దానికి వచ్చిన ప్రత్యుత్తరము ఒక్క పేరు: శునశ్శేపుడు.

ఆ కథ ఐతరేయబ్రాహ్మణమున నున్నది. అజీగర్తుడు నూఱు గోవులకు తన నడిమి కొడుకును యజ్ఞపశువుగా అమ్మెను. దేవతలు విడిపించిన ఆ బాలుని విశ్వామిత్రుడు జ్యేష్ఠపుత్రునిగా స్వీకరించి దాయము నిచ్చెను. అందుకు సమ్మతింపని ఏబదిమంది పెద్దకొడుకులను, మీ సంతతి పొలిమేరల పాలగుగాక యని శపించెను. ఆ సంతతిలో ఆంధ్రులును కలరని ఆ గ్రంథము చెప్పుచున్నది. మన జాతినామము వాఙ్మయమున కానవచ్చు తొలిచోట్లలో ఇది యొకటి. అదియును దాయాదుల తగవులోనిదే!

అమ్ముడుపోయిన కొడుకునకు దాయము చెందినప్పుడు, దానమీయబడిన కూతునకు ఏల చెందరాదు?

చట్టము ఈ ప్రశ్నకు ఆలస్యముగానైనను బదులు చెప్పినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కూతునకు కొడుకుతో సమభాగ మిచ్చెను. అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 నుండి కలిగించెను. 2005 సవరణ ఆ హక్కును దేశమంతటను, వివాహితలకు సైతము విస్తరింపజేసెను.

అయినను పసుపుకుంకుమలు చేతబెట్టి, హక్కువిడుదల పత్రముపై చెల్లెలి సంతకము తీసికొను ఇండ్లు నేటికిని కలవు. న్యాయవాదులమగు మేము ఆ పత్రములను చూచుచునే యున్నాము. ఇష్టపూర్వకముగా వ్రాసితినని అన్నిటను ఉండును. ఆమె ఇష్టమేమని యడిగినవారు అరుదు.

అన్నలారా! ఆ కాగితమును మీ తోబుట్టువునకు ముందు చదివి వినిపింపుడు. ఆమె వాటా యెంతయో, దాని విలువ యెంతయో చెప్పుడు. వలదని ఆమె యన్నచో అచ్చటనే చించివేయుడు. వైదికగృహమును కీర్తించు అర్హత ఆ తరువాత మనకు కలుగును.