సంతకం మనది, ఉద్యోగం ఎవరిది?



బెంగళూరు తెలుగువాళ్ళకు విమానాల పని కొత్త కాదు. 1940లోనే ఇక్కడ హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలైంది. ఆ తరానికి విమానాల ఫ్యాక్టరీ అంటే పర్మనెంట్ ఉద్యోగం. ఇప్పుడు మన సంఘాల పిల్లలు దేవనహళ్ళి, హోసూరు వైపు విడిభాగాల కంపెనీల్లో ప్రొడక్షన్ ఇంజనీర్లుగా చేరుతున్నారు. మెడలో బ్యాడ్జి ఒకరిది, జీతం స్లిప్పు మరో ఏజెన్సీది. కాంట్రాక్టు ఏడాదికే.

విమానంలోకి వెళ్ళే ప్రతి భాగం వెంట ఒక కాగితం నడుస్తుంది. ఏ లోహం, ఏ బ్యాచ్, ఎవరు కొలిచారు, ఎవరు ఒప్పుకున్నారు, అన్నీ అందులో ఉండాలి. కొలత తేడా వస్తే ఆ భాగాన్ని పక్కనపెట్టి, తేడా రాయాలి. అధికారం ఉన్నవాళ్ళు తేల్చేదాకా అది కదలకూడదు. ఆ భాగం ఇరవై ఏళ్ళు ఎగరవచ్చు. సంతకం చేసిన పిల్ల ఉద్యోగం వచ్చే మార్చికి ఉంటుందో లేదో!

నెలాఖరు, డెస్పాచ్ తొందర. "ఇంత చిన్న తేడాకి రాతకోతలెందుకమ్మా, పంపించెయ్" అంటారు. పర్మనెంట్ మనిషి కాదనగలడు (అందరూ అంటారని కాదు). రెన్యువల్ కోసం చూస్తున్న పిల్ల, చదువు లోను నెత్తిమీదున్న పిల్ల, ఏమంటుంది? నిజాయితీగా ఉండండని మనం వేదిక మీద నుంచి సులువుగా చెప్తాం. దాని ఖర్చంతా ఆ పిల్ల ఒక్కదాని మీదే వేసి ఇంటికెళ్ళిపోతాం.

రాయకపోతే ఏమవుతుందో చూశాం. 2024 జనవరి 5న అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 మ్యాక్స్ 9 గాల్లో ఉండగా, తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. దేవుని దయవల్ల ఎవరూ చనిపోలేదు. ఫ్యాక్టరీలో దాన్ని తెరిచి మూసినప్పుడు నాలుగు బోల్టులు పెట్టలేదనీ, తెరిచినట్టు రికార్డే లేదనీ దర్యాప్తులో తేలింది. అది కాంట్రాక్టు గొడవ కాదు, రాయాల్సింది రాయని గొడవ.

చట్టం సంగతి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని 1970 చట్టం చెప్పింది. 2020 కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అయితే సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటినవాళ్ళు ఆ కోడ్‌లో 'కార్మికులు' కారు. మనం మురిసిపోయే 'ఇంజనీర్' అన్న పేరే అడ్డం తిరగొచ్చు. పేరు కాదు, చేసే పని చూడాలని కోర్టులు చాలాసార్లు అన్నాయి. అందుకే రోజూ మీరు చేసే పనేమిటో రాసి పెట్టుకోండి.

మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని తానే సంతవీధికి వెళ్ళి పనివాళ్ళతో మాట్లాడుకున్నాడు, సాయంత్రానికే కూలి ఇప్పించాడు. నడుమ ఏజెన్సీ లేదు.

పిల్లలూ, తేడా కనబడితే నోటిమాటగా వదలకండి, తేదీ వేసి రాతలో పెట్టండి. కంపెనీ డ్రాయింగులు మాత్రం ఫోన్‌లో తీయకండి, అది వేరే కేసవుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ఇంట్లో ఒక ఫైల్లో ఉంచండి.

ఇక పెద్దలకు. మన సంఘాల్లో లాయర్లున్నారు, రిటైరైన యూనియన్ పెద్దలున్నారు. వాళ్ళ నంబర్లు ఈ పిల్లల దగ్గర ఉన్నాయా? సంతకం పెట్టనన్నందుకు రెన్యువల్ ఆగిన పిల్లకు మూడు నెలల అద్దె సంఘం ఇవ్వగలదా? కొత్త సౌండ్ సిస్టమ్ కోసం వేసుకున్న కమిటీ ముందే ఈ లెక్క కూడా పెడదాం.